ఉచితమ్మ పట్టిన పట్టు

"ఊరికే వచ్చేదాన్ని మేమెందుకు నమ్మాలండీ?"

మీటింగ్ రూమ్‌లో అప్పటిదాకా తలెత్తని మనిషి అడిగిన మొదటి ప్రశ్న అది. ప్రొజెక్టర్ వెలుగు సగం మొహం మీద పడుతుండగా, అప్పటిదాకా తమ సాఫ్ట్‌వేర్ గురించి చెబుతున్న ఆమె అటు తిరిగింది. బల్ల చివర ఒక యువకుడు, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, ముందున్న కాగితం మీద గీతలు గీసుకుంటున్నాడు. ఆ ఆస్పత్రుల గ్రూపులోని నాలుగు చోట్లా కంప్యూటర్ల బాధ్యతంతా అతనిదేనని, అక్కడ ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్నా ముందు అతని నోటి నుంచి 'సరే' రావాలని ఆమెకు ముందే చెప్పారు. ఆ మాట అంత తేలిగ్గా రాదని కూడా చెప్పారు.

"ఊరికే అనలేదండీ. ఓపెన్ సోర్స్ అన్నాను."

"తేడా ఏంటో?"

"ప్రోగ్రాం ఎలా రాశామో మొత్తం మీ ముందు పెట్టేస్తాం. ఎవరైనా చదవొచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. లైసెన్స్ డబ్బులుండవు. దాన్ని మీ దగ్గర పెట్టడానికి, మీవాళ్లకి నేర్పడానికి, ఇబ్బంది వస్తే వచ్చి చూడటానికి మాత్రం ఏడాదికింతని తీసుకుంటాం."

"అంటే ముందు ఊరికే ఇచ్చి, తర్వాత వసూలు చేస్తారన్నమాట."

బల్ల చుట్టూ చిన్న నవ్వు. ఆమెకు ఒళ్లు మండింది.

"ఇప్పుడు మీరు వాడుతున్నది ఎలాంటిదో చెప్పనా? మీ మందుల స్టోర్ లెక్కలన్నీ ఒక పెట్టెలో ఉన్నాయి. పెట్టె మీది, తాళంచెవి ఆ కంపెనీది. ఏటా రేటు పెంచుతున్నారు, మీరు నోరు మూసుకుని కడుతున్నారు. ఎందుకంటే వాళ్లని వదిలేస్తే లెక్కలు బయటికి రావు."

నవ్వు ఆగిపోయింది. అతను మాత్రం కాగితం మీంచి తలెత్తి మొదటిసారి ఆమెను సరిగ్గా చూశాడు.

"అది నిజమే. కానీ ఆదివారం పొద్దున్నే అది మొరాయిస్తే, వాళ్ల ఆఫీసులో ఫోన్ ఎత్తడానికి ఒక హాలు నిండా మనుషులున్నారు. మీ కంపెనీలో ఎంతమంది?"

"ముగ్గురం."

"ఆ ముగ్గురికీ ఒకేసారి జ్వరం వస్తే?"

"మీ ఆస్పత్రిలోనే చేరతామండీ. మంచం మీద కూర్చుని పని చేస్తాం."

ఈసారి పకపకా నవ్వింది పెద్ద డాక్టరమ్మ. ఆ గ్రూపుకు డైరెక్టరు ఆవిడే. అందరూ ఆవిడను 'పెద్ద డాక్టరమ్మ' అనే పిలుస్తారు. "బాగుంది. ఒక ఆస్పత్రిలో, మందుల స్టోర్ వరకు పెట్టి చూద్దాం. మూడు నెలలు నడవనివ్వండి. తర్వాత కమిటీ తేలుస్తుంది."

"షరతులుంటాయి," అన్నాడతను కాగితం తిప్పుతూ. గీతలనుకున్నవి గీతలు కావు. వరసగా చదువుకుంటూ పోయాడు. పాత సాఫ్ట్‌వేర్ పక్కనే నడవాలి. ఏ మార్పు చేసినా ముందు చెప్పాలి. ఏ తప్పు జరిగినా ఆ రోజే రాతపూర్వకంగా ఇవ్వాలి. సగంలోనే ఆమె వినడం మానేసి, ఆ మనిషి పెళ్లి శుభలేఖ మీద కూడా షరతులు అచ్చు వేయిస్తాడేమోనని ఆలోచించసాగింది.

బయటికి రాగానే బావకు ఫోన్ చేసింది. బావంటే అక్క భర్త. కంపెనీలో లెక్కలు, కస్టమర్లు ఆయన చూస్తాడు. అక్క చిన్న చిన్న క్లినిక్కుల నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెబుతుంది. ప్రోగ్రాం రాసేది ఈమె. టైలర్ షాపు పైన ఒక అద్దె గది, అదే ఆఫీసు.

"పని దొరికిందా?" అన్నాడు బావ.

"దొరికింది బావా. దాంతో పాటు ఒక షరతులు కూడా దొరికాడు."

ఆ రోజు నుంచి వాళ్లింట్లో అతని పేరు 'షరతులు'. ఆమె పేరు ఆస్పత్రిలో ఏమైందో వారం తిరక్కుండానే తెలిసింది. మందుల స్టోర్‌లో పనిచేసేవాళ్లు ఆమె మెట్లు దిగుతుంటే "ఉచితమ్మ వచ్చింది" అనుకోవడం స్వయంగా విన్నది.

*

మందుల స్టోర్ ఆస్పత్రి కింద నేలమాళిగలో ఉండేది. ఇనుప ర్యాకుల్లో అట్టపెట్టెలు, మూలన రెండు పెద్ద ఫ్రిజ్‌లు, గాలిలో స్పిరిట్ వాసన. పైన వానలు మొదలయ్యాయి. కింద కిటికీలు కూడా లేవు. వాన పడుతోందని తెలిసేది షరతులు తడిసిన బూట్లతో వచ్చినప్పుడే.

రోజూ వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న తెచ్చేవాడు.

"మీ ప్రోగ్రాంలో తప్పుంది," అన్నాడొకసారి, గెలిచినవాడిలా. "ముందు వచ్చిన పెట్టెని ముందు బయటికి పంపమంటోంది. గడువు ముందు తీరిపోయే మందు ముందు వెళ్లాలి కదా?"

ఆమె తెర దగ్గరికి వంగి చూసింది. నిజమే. చిన్న క్లినిక్కుల్లో వచ్చిన మందు వచ్చినట్టే అయిపోతుంది కాబట్టి ఎవరికీ ఆ ఇబ్బంది రాలేదు.

"తప్పే. ఒప్పుకుంటున్నా."

ఆమె అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. "ఎప్పటికి సరిచేస్తారు?"

"నేనైతే రేపటికి చేసేస్తాను. మీరు చేస్తే ఇంకా మంచిది."

"నేనా?"

"కోడ్ మొత్తం తెరిచే ఉంది. మీరు ఒకప్పుడు ప్రోగ్రాంలు బాగా రాసేవారట కదా."

"ఎప్పటి మాట అది! ఇప్పుడు నేను సంతకాలు పెట్టే మనిషిని."

"మీ చేత్తో మీరే ఒక తప్పు సరిచేసుకుంటే, మా జ్వరాల గురించి మీకు బెంగ ఉండదు. ఆలోచించుకోండి," అని ఆమె తన పనిలో పడిపోయింది.

అతను ఆలోచించుకున్నాడు. రెండు రోజుల తర్వాత అతను రాసిన మార్పు ఆమెకు వచ్చింది. చదివి, వెనక్కి పంపింది. 'లెక్క బాగుంది. కానీ గడువు తేదీయే లేని వస్తువు వస్తే ప్రోగ్రాం కుప్పకూలుతోంది. దూదికి గడువుంటుందా? చూడండి.'

మళ్లీ పంపాడు. మళ్లీ వెనక్కొచ్చింది. 'దూది బతికింది. సూదులు పోయాయి.'

ఇంకోసారి పంపాడు. 'అంతా పనిచేస్తోంది. కానీ ఈ మధ్యలో ఉన్నదానికి కొత్తది-కొత్తది-రెండు అని పేరు పెట్టారేంటండీ? రేపు ఇంకెవరో చదవాలి. పేరు వినగానే పనేంటో తెలియాలి.'

దానికి అతని జవాబు ఒక్క ముక్క: 'షరతులు ఎక్కువగా ఉన్నాయండీ.'

ఆమె పెదవి కొరుక్కుంటూ రాసింది: 'ఎవరి దగ్గర నేర్చుకున్నానో మరి!'

చివరికి ఆ మార్పును కలిపిన రోజున, ప్రోగ్రాం రాసినవాళ్ల పేర్ల వరసలో అతని పేరు కూడా చేరింది. మర్నాడు స్టోర్‌కి వచ్చినప్పుడు అతని మొహం వెలిగిపోతోంది.

"రాత్రి భోజనం దగ్గర మా అమ్మకి చూపించాను," అన్నాడు. "జీతం పెరిగిందా అని అడిగింది. లేదన్నాను. మరెందుకురా ఆ నవ్వు అంది."

"ఏం చెప్పారు?"

"చెప్పడానికి తోచలేదు." ఒక్క క్షణం ఆమె కళ్లలోకి చూసి, వెంటనే ఫ్రిజ్ మీద ఉన్న ఉష్ణోగ్రత అంకెను ఎంతో శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం పని ముగించి పైకొచ్చేసరికి వాన కుండపోతగా కురుస్తోంది. అంబులెన్సులు ఆగే వరండాలో ఇద్దరూ చిక్కుకుపోయారు. అతని చేతిలో గొడుగుంది. కానీ దాని ఊచ ఒకటి విరిగి, ఒక పక్క రెక్క వాలిపోయిన పిట్టలా ఉంది.

"మీ గొడుగుకి సపోర్ట్ కాంట్రాక్ట్ లేదా?" అంది ఆమె.

"కంపెనీ మూసేశారు. ఎవరికి ఫోన్ చేయాలో తెలీదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. వాన జల్లు వరండాలోకి కొడుతుంటే ఒకడుగు వెనక్కి జరిగారు. ఆ జరగడంలో ఇద్దరి మధ్య దూరం కాస్త తగ్గింది. ఎవరూ సరిచేయలేదు.

"ఒకటి అడగనా?" అన్నాడతను. "ఇది షరతు కాదు. ఇంత బాగా రాసినదాన్ని మూసి అమ్ముకుంటే ఎప్పుడో బాగుపడేవారు. ఎందుకీ పట్టుదల?"

ఆమె వాన వైపు చూస్తూ చెప్పింది. "మా అమ్మ చిన్న ఆస్పత్రిలో నర్సుగా చేసేది. వాళ్లకి ఎవరో ఒక సాఫ్ట్‌వేర్ అమ్మారు. కొన్నాళ్లకి ఆ కంపెనీ మూతపడింది. ఒకరోజు పొద్దున తెరిస్తే ప్రోగ్రాం తెరుచుకోలేదు. ఏ మందు ఎంతుందో, ఎవరికి ఏమిచ్చారో, మొత్తం లోపలే ఉండిపోయింది. అమ్మ నేల మీద కూర్చుని ఒక్కొక్క మాత్రల పట్టీ చేత్తో లెక్కపెట్టింది. పక్కన నేనున్నాను. ఆ రోజే అనుకున్నాను, ఎవరి లెక్క వాళ్ల చేతిలో ఉండాలని."

అతను విరిగిన గొడుగును మడిచి గోడకు ఆనించాడు. తర్వాత మెల్లగా, "కాఫీ తాగుదామా?" అన్నాడు.

"షరతులు?"

"ఏమీ లేవు," అన్నాడు. అతని నోట అలాంటి మాట రావడం ఆమె అదే మొదటిసారి వినడం.

*

ఒకరోజు ఆమె ఆఫీసుకు వెళ్లేసరికి బావ నిలబడే ఉన్నాడు. అక్క కుర్చీలో కూర్చుని ఉంది.

"మరదలా, కాస్త చల్లగా విను," అన్నాడు. "ఒక పెద్ద కంపెనీ మనల్ని కొంటామంటోంది. మనిద్దరికీ, మీ అక్కకీ ఉద్యోగాలు కూడా ఇస్తారట."

"షరతేంటి?"

బావ నీళ్లు నమిలాడు. "ఇప్పటిదాకా ఉన్నది అలాగే ఉంటుంది. ఇకమీదట చేసేది మాత్రం మూసేస్తారు. కొత్తది కావాలంటే కొనుక్కోవాలి."

"అంటే క్లినిక్కులవాళ్లని పాతదాంట్లోనే వదిలేసి మెల్లగా ఎండబెడతారన్నమాట. అలా చేయబోమని మనం మాటిచ్చాం."

"మాట మనం ఇచ్చాం. అద్దె ఎవరిస్తారు? నువ్వు జీతం తీసుకుని ఎన్నాళ్లయింది చెప్పు? ఆ సోడాబుడ్డిగాడు చూడు, మన కోడే తీసుకుని, వాడి పేరు తగిలించి, మన కస్టమర్లనే లాక్కుపోతున్నాడు. తెరిచి పెట్టినందుకు మనకి మిగిలింది అదీ!"

సోడాబుడ్డి ఆమెకు కాలేజీలో క్లాస్‌మేటు. ఊరికి అవతల వైపు ఇలాంటి గదిలోనే కూర్చుని ఇలాంటి పనే చేస్తాడు. అతని పేరెత్తితే చాలు, బావకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"నీకు ఇది ఇష్టమేనా బావా?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ఇష్టమై చెప్పట్లేదే. మీ అక్క రోజంతా ఫోన్ పట్టుకుని మెడనొప్పితో పడుకుంటోంది. చూడలేక చెప్తున్నా."

ఆమె అక్క వైపు చూసింది. తర్వాత అంది. "కమిటీ మీటింగ్ దాకా ఆగు. ఆస్పత్రి నాలుగు చోట్లా తీసుకుంటానంటే మనం నిలబడతాం. అప్పుడు అమ్మం. కాదంటే, నువ్వెక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెడతాను."

"మాట మీద ఉంటావా?"

"ఎప్పుడైనా తప్పానా?"

అక్క లేచి వచ్చి చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది. "షరతులు ఉన్నాడు కదా. అతను మన వైపే కదే?"

ఆమె తల ఊపింది. ఆ ఊపడంలో ఎంత ధీమా ఉందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

ఆ ధీమా వారం కూడా నిలవలేదు. కమిటీ సమయం చెప్పడానికి డాక్టరమ్మ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మాటల మధ్యలో అటువైపు అమ్మాయి మామూలుగా అనేసింది. "సార్ ఆ రోజు ఉండరండీ. మీ ఫైలు నుంచి ఆయన తప్పుకున్నారు."

ఆమె నేరుగా అతని గదికి వెళ్లింది. తలుపు తట్టడం కూడా మర్చిపోయింది.

"నిజమేనా?"

అతను లేచి నిలబడ్డాడు. "నిజమే."

"మా ప్రోగ్రాంలో ఏమైనా తప్పు కనిపించిందా?"

"లేదు."

"నేనేమైనా తప్పు చేశానా?"

"అయ్యో, లేదు."

"మరెందుకు?"

"ఇప్పుడు చెప్పలేను. కమిటీ అయ్యాక చెప్తాను."

"ఆ పెద్ద కంపెనీవాళ్లు మీ దగ్గరికి కూడా వచ్చారా?"

అతని మొహం మాడిపోయింది. "అలా అనుకుంటున్నారా?"

"ఏమనుకోవాలో మీరు చెప్పట్లేదు కదా! ఇన్నాళ్లూ రోజుకో ప్రశ్న అడిగారు. అన్నింటికీ జవాబు చెప్పాను. నేను ఒకే ఒక్కటి అడిగాను." అక్కడితో ఆపేసి తలుపు వైపు తిరిగింది. "సరేనండీ, ఉంటాను. మీకు ఇబ్బంది కలిగించినందుకు క్షమించండి సార్."

ఆ 'సార్' అతనికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

మెట్లు దిగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. కింద మెట్టు మీద ఆగి తుడుచుకుంది. ఒక మనిషి పక్కకు జరిగాడని ఆస్పత్రే పక్కకు జరిగిపోదు కదా అనుకుంది. అతను లేకపోతే, అతను మొదటి రోజు అడిగిన ప్రశ్నను ఇంకెవరైనా అడుగుతారు. ముగ్గురే ఉన్న కంపెనీని ఎలా నమ్మాలి? దానికి ఆ రోజు హాస్యమాడి తప్పించుకుంది. ఇప్పుడు నిజమైన జవాబు కావాలి. అది ఎక్కడ దొరుకుతుందో ఆమెకు తెలుసు. వెళ్లడానికే మనసు రావట్లేదు.

వెళ్లింది. రెండు బస్సులు మారి, తడిసి ముద్దై, సోడాబుడ్డి గది తలుపు కొట్టింది.

అతను తలుపు తీసి, కళ్లజోడు పైకి నెట్టుకుని ఎగాదిగా చూశాడు. "నువ్వా? కేసు వేయడానికొచ్చావా?"

"వేసే వీలుంటే మా బావ ఎప్పుడో వేసేవాడు. టవలుంటే ఇవ్వు. నాతో ఒక కమిటీ మీటింగ్‌కి రావాలి."

విషయం విని అతను నోరెళ్లబెట్టాడు. "పోటీవాణ్ణి వెంటబెట్టుకుని కస్టమరు దగ్గరికి వెళ్తావా? మతి పోయిందా నీకు?"

"మాకు కుదరనప్పుడు నువ్వు చూడాలి. నీకు కుదరనప్పుడు మేం చూస్తాం. రెండు కంపెనీలు ఒకే ప్రోగ్రాం మీద పనిచేస్తాయని వాళ్ల కళ్లతో వాళ్లు చూడాలి. పనిలో వాటా ఇస్తాను. ఒకటే అడుగుతున్నా. నువ్వు నీ దగ్గర చేసుకున్న మార్పులన్నీ తిరిగి పంపాలి. అందరివీ ఒకచోట కలపాలి."

"అవి నా కష్టం!"

"నీ కష్టమే. మేం కొత్తది విడుదల చేసిన ప్రతిసారీ నీ మార్పుల కుట్లన్నీ విప్పి మళ్లీ కుట్టుకుంటున్నావు. పోయినసారి ఎన్ని రోజులు పట్టింది?"

అతను కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. జోడు లేని మొహంలో కాలేజీ నాటి కుర్రవాడు కనిపించాడు. "ఆ పని చేసేటప్పుడు మాత్రం నిన్ను బాగా తిట్టుకుంటానులే," అన్నాడు. "మీ బావ నన్ను కొట్టడుగా?"

"అది మాత్రం హామీ ఇవ్వలేను."

*

కమిటీ రోజున బావ తలుపు దగ్గర సోడాబుడ్డిని చూసి పళ్లు నూరాడు. కానీ మరదలి మొహంలో పట్టుదల చూసి, కుర్చీ లాగి ఇచ్చాడు.

మొదటి ప్రశ్న ఆర్థిక విభాగం పెద్దాయన అడిగాడు. "అమ్మా, ఎవరైనా వాడుకోవచ్చంటున్నారు. మేమే నెట్‌లోంచి దింపుకుని మేమే పెట్టుకుంటాం. మీకు డబ్బులు దేనికి?"

"పెట్టుకోండి సార్. నిజంగానే చెప్తున్నా, ఎవరూ ఆపరు. చిన్న క్లినిక్కులు అలాగే వాడుకుంటున్నాయి. కానీ మీ దగ్గర ఒక పూట స్టోర్ ఆగితే ఆపరేషన్ ఆగుతుంది. ఆ పూట పరుగెత్తుకొచ్చే మనిషి కోసం మీరు డబ్బులిస్తారు."

"ఆ మనిషి రాకపోతే?"

ఆమె పక్కకు చూపించింది. "ఈయన మా పోటీదారు. మా కస్టమర్లని కొందరిని తీసుకుపోయారు కూడా. నేను రాకపోతే ఈయన వస్తారు. మా ఇద్దరి పనీ నచ్చకపోతే, ఇదే ప్రోగ్రాంని ఇంకొకరికి అప్పగించండి. మీ లెక్కలు ఎక్కడికీ పోవు. మమ్మల్ని వదిలేసే స్వేచ్ఛతో కలిపే మా పని అమ్ముతున్నాం సార్. ఆ భయం ఉంది కాబట్టే ఒళ్లు వంచి పనిచేస్తాం."

సోడాబుడ్డి గొంతు సవరించుకున్నాడు. "భయం నాక్కూడా ఉందండీ," అన్నాడు. బల్ల చుట్టూ నవ్వులు.

పెద్ద డాక్టరమ్మ నవ్వలేదు. "ఒక మాట విన్నాను. మీ కంపెనీని ఎవరో కొంటున్నారట. కొన్నాక మూసేస్తే మేం మళ్లీ మొదటికొస్తాం కదా?"

బావ తల దించుకున్నాడు. ఆమె తిన్నగా డాక్టరమ్మ వైపే చూసింది.

"కొంటామని వాళ్లు అడిగిన మాట నిజమే మేడమ్. ఇప్పటిదాకా తెరిచి ఉన్నదాన్ని ఎవరూ మూయలేరు. రేపు చేయబోయేదాని గురించి మీ భయం. అందుకే మీ తరఫున నేనే ఒక షరతు పెడుతున్నాను. మీ కోసం మేం చేసే ప్రతి మార్పూ ఎప్పటికీ అందరికీ తెరిచే ఉండాలని ఒప్పందంలో రాయండి. మా కంపెనీ ఎవరి చేతికి వెళ్లినా అది వాళ్లకీ వర్తించాలి. అలా రాశాక మమ్మల్ని మూయడానికి కొనేవాళ్లెవరూ రారు."

అంటూ బావ వైపు చూసింది. అది ఆయన నోటి దగ్గరి ముద్ద లాగేయడమేనని ఆమెకు తెలుసు. ఆయన ఒక నిమిషం మరదలిని తేరిపార చూశాడు. తర్వాత పెద్దగా ఊపిరి వదిలాడు.

"రాయండి మేడమ్," అన్నాడు. "ఈ పిల్ల పట్టు పడితే వదలదు. మాకు అలవాటే."

అందర్నీ కాసేపు బయట కూర్చోబెట్టి, తిరిగి పిలిచి, డాక్టరమ్మ ఒక్క మాటలో చెప్పింది. "నాలుగు ఆస్పత్రుల్లోనూ పెట్టండి."

బావ అప్రయత్నంగా పక్కనున్న సోడాబుడ్డి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఎవరి చెయ్యో చూసుకున్నాక కూడా వదల్లేదు.

డాక్టరమ్మ ఆమెను మాత్రం ఆగమంది. "మూడు నెలల పరీక్ష నివేదిక రాసింది అతనే. ఒక్క లోపం దాచలేదు, ఒక్క మంచి వదల్లేదు. కమిటీ నుంచి ఎందుకు తప్పుకున్నాడో నాకు చెప్పాడు. నీకు చెప్పడం నా పని కాదు. కిందున్నాడు, వెళ్లు."

*

మందుల స్టోర్‌లో అతను ర్యాకుల మధ్య నిలబడి పెట్టెలు సర్దుతున్నాడు. అవి ముందే సర్ది ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పండి," అంది.

"ముందు కమిటీ ఏమందో చెప్పండి."

"మీరు చెప్పాకే."

"దయచేసి. అది తేలకుండా నేను నోరు విప్పకూడదు."

"సరేనన్నారు. నాలుగు చోట్లా."

అతను కళ్లు మూసుకుని తెరిచాడు. చేతిలోని అట్టపెట్టె కింద పెట్టాడు.

"నేను ఇక్కడికి సాఫ్ట్‌వేర్ ఎలా నడుస్తోందో చూడటానికి వచ్చేవాణ్ణి. కొన్నాళ్లకి మీరు మెట్లు ఎలా దిగి వస్తున్నారో చూడటానికి వస్తున్నానని తెలిసింది. అలాంటివాడు మీ ఫైలు మీద సంతకం పెట్టకూడదు. పెడితే రేపు ఎవడో ఒకడు అంటాడు, అమ్మాయి నవ్వింది, అబ్బాయి సంతకం పెట్టాడని. మీ ఇన్నేళ్ల కష్టానికి ఆ మాట అంటుకుంటే నేను తట్టుకోలేను."

ఆమె ర్యాకు పట్టుకుని నిలబడింది. ఫ్రిజ్ చిన్నగా గుర్రుమంటోంది.

"ఆ మాట నాకు చెప్పి చేయొచ్చు కదా?"

"చెబితే మీరు నాకు ఔననో కాదనో చెప్పాల్సి వచ్చేది. మీ పని నా చేతిలో ఉండగా ఎలా అడగను? కాదనడానికి మీరు భయపడితే? అందుకే ఇక మీ పని నా కింద ఉండదని డాక్టరమ్మకి చెప్పేశాను. ఇప్పుడు మీరు కాదన్నా మీకేమీ నష్టం లేదు. నాకే." గొంతు సవరించుకున్నాడు. "నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఇన్ని రోజులు మోసిన కోపం ఎటుపోయిందో ఆమెకు తెలియలేదు. కానీ కొంచెం మిగిలింది.

"మంచి పనే చేశారు. కానీ నన్ను ఏడిపించారు. నా మంచి కోసమే అయినా సరే, నాకు చెప్పకుండా ఇంకెప్పుడూ చేయకండి."

"చేయను."

"ఆదివారం మా అక్క వాళ్లింటికి రండి."

"అంటే... ఔననా?"

"అంటే ఆదివారం రమ్మని," అని గబగబా మెట్లెక్కేసింది. సగం మెట్లెక్కాక గోడకానుకుని నవ్వుకుంది. మొహం మంటలా కాలిపోతోంది.

ఆదివారం అతను ఇస్త్రీ నలగని చొక్కాతో, చేతిలో పళ్లతో వచ్చి సోఫా అంచున కూర్చున్నాడు. బావ ఎదురుగా కూర్చుని, జీవితంలో దొరకక దొరికిన అవకాశంలా ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఈ పిల్లకి ముక్కు మీద కోపం. తెలుసా?"

"చూశానండీ."

"రేపు మళ్లీ జీతం తీసుకోకుండా ఏడాది పనిచేస్తానంటే?"

"నాకు జీతం వస్తుంది కదండీ."

"మీవాళ్లేమంటారు?"

"మా అమ్మకి అన్నీ చెప్పాను. ఆ అమ్మాయి నీ తప్పులు మూడుసార్లు దిద్దించిందా, అయితే చేసుకో అంది."

ఇంతలో అక్క ఫోన్ మోగింది. వంటింట్లో అక్క చేతులు ఖాళీగా లేవు. "ఎవరైనా ఎత్తండి!" అని కేకేసింది. దగ్గరున్నది అతనే, ఎత్తాడు. ఏదో క్లినిక్ నుంచి ఒక ముసలి డాక్టరుగారు, ప్రింటర్ మందుల చీటీలు ఇవ్వట్లేదని అరుస్తున్నారు. ఆ అరుపు గది మొత్తానికి వినిపిస్తోంది.

"కంగారుపడకండి డాక్టరుగారూ. ముందు ప్రింటర్ వెనకాల తీగ చూడండి... కాదండీ, అది ఫ్యాను తీగ... ఫ్యాను మళ్లీ వేసేయండి... ఇప్పుడు తెర మీద ఎడమ పక్కన ఏముందో చదవండి..."

పది నిమిషాలు దాటాయి. మాటలో విసుగు లేదు. బావ నవ్వాపుకుంటూ లేచి, కుర్చీని ఫోన్ దగ్గరికి జరిపి పెట్టాడు. అక్క చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చెల్లెలు కిటికీ దగ్గర నిలబడి, ఫోన్‌లో ఒక ముసలాయనకు ఎంతో ఓపికగా ఎడమ వైపంటే ఏదో వివరిస్తున్న మనిషిని చూస్తోంది. బయట సన్నగా చినుకులు మొదలయ్యాయి.

చివరికి చీటీ బయటికొచ్చింది. అటువైపు డాక్టరుగారు ఆనందంగా ఇంకేదో అడిగారు. అతను ఫోన్‌ను అరచేత్తో మూసి, అక్క వైపు తిరిగాడు.

"నేనెవరో అడుగుతున్నారండీ. ఇంతకుముందు ఈ గొంతు వినలేదట. కొత్తగా వచ్చానన్నాను."

"ఎక్కడికి కొత్తగా?" అంది అక్క, చెల్లెల్ని ఓరగా చూస్తూ. "ఆఫీసుకా, ఇంటికా?"

అందరి చూపులూ కిటికీ వైపు తిరిగాయి. ఆమె తల దించుకోలేదు.

"ఇంటికని చెప్పమను అక్కా," అంది. "ఆఫీసులోకి మాత్రం రానివ్వను. అక్కడ ఆయన కస్టమరు."